వెనక నుంచి నెట్టే ఇంజను

చెన్నై నుంచి రాత్రంతా వచ్చిన నీలగిరి ఎక్స్‌ప్రెస్ మెట్టుపాళయంలో ఆగీ ఆగకముందే, దిగినవాళ్లలో సగం మంది పక్క ప్లాట్‌ఫారానికి పరుగు తీస్తారు. అక్కడ నీలం, మీగడ రంగులు వేసిన చిన్న పెట్టెల బండి ఒకటి కొండవైపు మొహం పెట్టుకుని సిద్ధంగా ఉంటుంది. సీటు చూసుకుని, సంచులు పడేసి, మరుక్షణం అందరూ చేసే పని ఇంజను ఎక్కడుందో వెతుక్కోవడం. కొత్తవాళ్లు ముందుకు నడుస్తారు. ముందు పెట్టె కొసన పచ్చజెండా, ఎర్రజెండా పట్టుకున్న బ్రేక్‌మన్ ఒక్కడే కనిపిస్తాడు. ఇంజను ఉన్నది తోక దగ్గర.

తెనాలి నుంచి ఇల్లాలితో, మనవడితో వచ్చిన ఒక పెద్దాయనకు ఈ సంగతి ముందే తెలుసు. కుర్రాడికి తెలియదు.

“తాతయ్యా, ఇంజను వెనకెందుకు పెట్టారు? మర్చిపోయారా?”

“మర్చిపోలేదురా. బురదలో బండి దిగబడితే మనం ముందుకెళ్లి లాగుతామా, వెనక నుంచి తోస్తామా? ఇదీ అంతే.”

పెద్దాయన చెప్పని కారణం మరొకటి ఉంది. నిట్టనిలువు దారిలో పెట్టెల మధ్య లంకె తెగిందంటే అవి వెనక్కి జారిపోతాయి. కింద ఇంజను అడ్డంగా ఉంటే ఆ ప్రమాదం ఉండదు. అందుకే ఈ దారిలో ఎక్కేటప్పుడు నెట్టడం, దిగేటప్పుడు బరువంతా తన మీద కాచుకుంటూ నెమ్మదిగా దిగడం, రెండూ ఇంజను పనే. డ్రైవరుకు ముందున్న పట్టాలు కనపడవు. మొదటి పెట్టె మీది బ్రేక్‌మన్ జెండానే ఆయనకు కళ్లు. ప్రతి పెట్టెకూ ఇలాగే ఒక బ్రేక్‌మన్ ఉంటాడు, చేతిబ్రేకు మీద చెయ్యేసి. నాలుగు పెట్టెల బండికి ఇంతమంది మనుషులా అని లెక్కల గుమాస్తా ఎవరైనా నిట్టూర్చవచ్చు. ఆ మనుషులే ఈ బండిని చూడదగ్గదిగా చేస్తున్నారన్న సంగతి మాత్రం లెక్కల పుస్తకంలో కనిపించదు.

బండి కదలడానికి ముందు ఇంజను చుట్టూ ఓ చిన్న తిరనాళ్ల సందడి ఉంటుంది. నీలం చొక్కా వేసుకున్న ఒకతను పొడుగు ముక్కు నూనెడబ్బా పట్టుకుని ఒక్కో కీలు దగ్గర వంగుతాడు. నూనె రెండు చుక్కలు వదులుతాడు, అరచెయ్యి తిప్పి చేతి వెనక భాగంతో ఆ ఇనుమును ఒకసారి తాకి చూస్తాడు, పక్క కీలుకు జరుగుతాడు. వేడి ఎక్కువైతే చెయ్యి చెప్పేస్తుంది. పక్కన నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నవాళ్లను అతను పట్టించుకోడు. వాళ్లు అడ్డొస్తే మాత్రం “కొంచెం జరుగండి సార్” అంటాడు తెలుగులోనే, కాస్త తమిళపు యాసతో. ఇందులో వింతేమీ లేదు. కోయంబత్తూరు చుట్టుపక్కల శతాబ్దాల కిందట వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు బోలెడు. ఆ నగరానికి యంత్రాల పిచ్చి అంటించిన జి.డి.నాయుడు కూడా అలాంటి ఇంటివాడే. వాళ్ల నోట మన తాతల నాటి మాటలు కొన్ని ఇప్పటికీ చెక్కుచెదరకుండా వినిపిస్తాయి.

ఇంజను పేరు ‘ఎక్స్ క్లాస్’. ఈ రకాన్ని తయారుచేసింది స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్ కర్మాగారం. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 ప్రాంతం నుంచి 1950ల దాకా విడతలుగా ఓడల్లో వచ్చాయి. ఒక్కో పక్క రెండేసి సిలిండర్లు, ఒకదాని మీద ఒకటి. ఎందుకో తెలియాలంటే కల్లార్ దాకా ఆగాలి.

కల్లార్ వరకు దారి చదునుగానే ఉంటుంది. భవానీ నది దాటాక రెండువైపులా పోకతోటలు, వాటి మధ్య అక్కడక్కడా అరటి. కోనసీమలో కొబ్బరితోట ఇచ్చే నీడకూ దీనికీ తేడా ఉంది. పోకచెట్టు సన్నగా, సూటిగా, కొలబద్ద పెట్టి గీసినట్టు పోతుంది. నీడ పడీపడనట్టు ఉంటుంది. ఎదురుగా మాత్రం కొండ గోడలా లేచి నిలబడుతుంది. ఇంత దగ్గరికొచ్చినా దారి ఎటు పోతుందో అంతుపట్టదు.

కల్లార్ దాటుతుండగా బండి దాదాపు ఆగినంత పని చేస్తుంది. కింద ఎక్కడో ‘టక్’మని చిన్న కుదుపు. పట్టాల మధ్య పళ్ల కమ్ములు రెండు పక్కపక్కనే పరిచి ఉంటాయి. ఒకదాని పన్ను ఎదురుగా రెండోదాని సందు వచ్చేలా. ఇంజను పొట్ట కింద ఉన్న పళ్లచక్రం ఆ కమ్ముల్లో ఇమిడిన చప్పుడే అది. ఈ పద్ధతిని కనిపెట్టింది రోమన్ ఆబ్ట్ అనే స్విస్ ఇంజనీరు. భారతదేశంలో ఇలాంటి పళ్లపట్టా ఉన్న రైలుమార్గం ఇదొక్కటే. నున్నటి ఇనప చక్రం నున్నటి ఇనప పట్టా మీద కొంత వాలు వరకే పట్టు నిలుపుకోగలదు. ఇక్కడి వాలు కొన్నిచోట్ల పన్నెండడుగులకు ఒక అడుగు. కల్లార్ దాకా కింది సిలిండర్లు రెండే మామూలు చక్రాలను తిప్పుతాయి. ఇక్కడి నుంచి అవి వాడి వదిలిన ఆవిరి పారేయకుండా పై సిలిండర్లలోకి పోయి పళ్లచక్రాన్ని తిప్పుతుంది. ఒకసారి పనిచేసిన ఆవిరికి రెండోసారి పని. అప్పటిదాకా ఒకటే లయగా ఉన్న చప్పుడు జంటలయ అవుతుంది. యంత్రం లోపల ఏం జరుగుతోందో చదువుతో సంబంధం లేకుండా చెవికి తెలిసిపోయే క్షణం అది.

అక్కడి నుంచి బండి గంటకు పదమూడు కిలోమీటర్లకు మించదు. పెట్టెలో కూర్చున్నవాళ్లు మొదటి పావుగంట కుడివైపు నుంచి ఎడమవైపుకీ, ఎడమ నుంచి కుడికీ తల తిప్పుకుంటూ అలిసిపోతారు. ఆ తరవాతే చూడటం మొదలవుతుంది. బండరాయి మీద నాచు, దాని మీంచి జారుతున్న నీటిధార, పట్టాల పక్కనే చేతికందేంత దూరంలో ఫెర్న్ ఆకులు. లోయకు అవతల హులికల్ దుర్గం శిఖరం. దూరంగా ఘాట్‌రోడ్డు మీద కార్లు ఒకదాని వెనక ఒకటి హారన్ కొట్టుకుంటూ ఎక్కుతుంటాయి. రైలు కంటే అవి ఎంతో ముందు ఊటీ చేరతాయి. ఆ సంగతి తెలిసీ ఎవరూ కార్లవైపు అసూయగా చూడరు.

సొరంగం వచ్చినప్పుడల్లా బండి మొత్తం కేకలు పెడుతుంది. పిల్లలే కాదు, బ్యాంకు మేనేజరులా కనపడే పెద్దమనిషి కూడా నోటిలో రెండు వేళ్లు పెట్టి ఈల వేస్తాడు. ఈ దారిలో సొరంగాలు పదహారు, కాబట్టి ఈలలూ పదహారు. పొగ కిటికీలోంచి లోపలికి చొరబడుతుంది, దగ్గు వస్తుంది, వెలుతురులోకి రాగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. రిజర్వేషన్ చార్టులో పక్కపక్కన పడ్డ కుటుంబాలు ఇడ్లీపొట్లాలు మార్చుకునేది మొదటి సొరంగం తరవాతే. ఏసీ బోగీల్లో ఈ పలకరింపులు ఎందుకో బాగా తగ్గిపోయాయి. అద్దాలు మూసుకుంటే మనుషులూ మూసుకుంటారేమో.

ఈ దారి వేయాలన్న ఆలోచన 1854 నాటిది. కొండ ఎంతకీ లొంగలేదు. పని మొదలవడానికి 1891 దాకా పట్టింది. 1899లో కూనూరు చేరింది, మరో తొమ్మిదేళ్లకు, 1908లో, ఊటీ. 46 కిలోమీటర్ల దారి, 208 మలుపులు, 250 వంతెనలు. మెట్టుపాళయం ఎత్తు సముద్రమట్టానికి 326 మీటర్లు, చివర చేరేది 2,203 మీటర్లకు. ఇంత శ్రమ ఎవరికోసం? ఎండలకు తాళలేని దొరలకోసం. 1820ల్లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ కొండమీద ఇల్లు కట్టుకున్నాక ఊటీ పెరిగి పెరిగి మద్రాసు ప్రెసిడెన్సీకి వేసవి రాజధాని అయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే కదా. గుంటూరు రైతు భూమిశిస్తు మీద పెట్టుకున్న అర్జీ మే నెలలో కొండమీది చలిగదుల్లో విచారణకు వచ్చే రోజులవి. ఆవిరిబండి అందాన్ని చూసి మురిసేటప్పుడు ఈ లెక్కను పూర్తిగా మరవనక్కర్లేదు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చిన దారి ఇది. డార్జిలింగ్ కొండరైలుకు అంతకు ఆరేళ్ల ముందే వచ్చింది. ఆ హోదా కొండల్ని తొలిచిన కూలీలదీ, సుత్తి పట్టుకుని ఇప్పటికీ పట్టాల వెంట నడిచే గ్యాంగ్‌మన్‌దీ కూడా.

హిల్‌గ్రోవ్ స్టేషన్లో బండి చాలాసేపు ఆగుతుంది. ఇంజనుకు దాహం. స్తంభానికి వేలాడే లావుపాటి గొట్టాన్ని ఫైర్‌మన్ లాగి పక్కనున్న తొట్టి మూతిలో పెడతాడు. నీళ్లు లోపల పడే చప్పుడు ప్లాట్‌ఫారమంతా వినిపిస్తుంది. అడవి మధ్య ఒక గది, ఒక టీ కొట్టు, లెక్కలేనన్ని కోతులు. స్టేషనంటే అంతే. ఇక్కడి కోతులు తిరుపతి కోతుల కంటే మర్యాద తక్కువ రకం. చేతిలో వడ ఉన్న మనిషిని అవి మనిషిగా చూడవు. మిరియాల ఘాటున్న మసాలా వడ, చిన్న గ్లాసులో చిక్కటి టీ. గోదావరి జిల్లాల టీతో పోలిస్తే పాలు తక్కువ, ఆకు ఎక్కువ. చలిగాలికి అదే నయమనిపిస్తుంది.

టీ గ్లాసులు పట్టుకుని జనం మళ్లీ బండి తోకవైపే నడుస్తారు. పైన అంత అడవి, కింద అంత లోయ ఉండగా వందమంది ఒక నల్లటి ఇనప యంత్రం ముందు నోరు తెరుచుకుని నిలబడటం చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది. తెనాలి పెద్దాయన వాళ్లలో ముందు వరస. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బొగ్గు ఇంజను బండి గురించి చెప్పుకుపోతున్నాడు, మనవడికీ, వినే ఓపికున్న ఎవరికైనా.

“కిటికీ పక్కన కూర్చుంటే కళ్లలో నలుసు పడాల్సిందే. తెల్లపంచె కట్టుకుని పెళ్లికెళితే దిగేసరికి చుక్కల పంచె అయ్యేది. మీ ముత్తమ్మమ్మ తిట్టని తిట్టు లేదు.”

“మరి ఎందుకెక్కేవాళ్లు?” అన్నాడు కుర్రాడు.

పెద్దాయన దగ్గర జవాబు లేదు. ఇంకో వడ కొనిపెట్టాడు.

కుర్రాడి ప్రశ్న సబబైనదే. పొగ, మసి, నిదానం. ఆవిరి యుగాన్ని భరించినవాళ్లకు దాని మీద అంత ప్రేమ ఉండనక్కర్లేదు. మన దగ్గర అది పోయినప్పుడు ఎవరూ పెద్దగా ఏడవలేదు కూడా. చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1970ల మొదట్లోనే ఆగిపోయింది. 1995 చివరకు బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి బండ్లు ముగిశాయి. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి గుణుపూర్ దాకా పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నపట్టాల బండి సుమారు వందేళ్లు బతికి, ఈ శతాబ్దం మొదట్లో బ్రాడ్‌గేజిలో కలిసిపోయింది. అక్కడి ఊళ్లవాళ్లు అడిగింది పెద్ద బండే. వాళ్లకు దక్కిన సౌకర్యాన్ని ఊటీకి సరదాగా వచ్చినవాళ్లు తక్కువ చేసి మాట్లాడటం తగదు.

అయినా హిల్‌గ్రోవ్‌లో ఆ జనం నిలబడటానికి పాతకాలం మీది మమకారం ఒక్కటే కారణం కాదు. ఆ గుంపులో ఎక్కువమంది ఆవిరి ఇంజను ఎక్కని తరంవాళ్లే. అరకు దారితో పోల్చి చూస్తే సంగతి తేలుతుంది. కొత్తవలస–కిరండూల్ మార్గం కూడా తక్కువదేం కాదు. 1960ల్లో బైలడిల్లా ఇనప ఖనిజాన్ని జపాన్‌కు పంపడంకోసం తూర్పు కనుమలను తొలిచి వేసిన దారి. సొరంగాలే యాభై ఎనిమిది. ఇప్పుడు అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలోంచి బొర్రా లోయను చూడొచ్చు. చూసి మురవనివాళ్లు లేరు. కానీ బొర్రాగుహల స్టేషన్లో దిగి కరెంటు ఇంజను దగ్గరికి వెళ్లి నిలబడ్డ మనిషిని ఎవరైనా చూశారా? ఆ ఇంజను బలం ఎక్స్ క్లాస్ కంటే ఎన్నో రెట్లు. అది చేసే పనంతా మూసిన పెట్టెలోపలే. చూసేవాడికి మిగిలేది కాస్త గుయ్‌మనే మోత. ఇక్కడ నిప్పు కనపడుతుంది, నీళ్లు తాగడం కనపడుతుంది, కడ్డీ ముందుకూ వెనక్కూ కదిలితే చక్రం ఎందుకు తిరుగుతోందో ఏడేళ్ల కుర్రాడికీ అర్థమవుతుంది. యంత్రాన్ని చూసి “నాకు తెలిసిపోయింది” అనుకోగల ఆనందం ఇప్పటి జీవితంలో అరుదు. జేబులో ఉన్న ఫోను ఎలా పనిచేస్తుందో చెప్పగలిగినవాళ్లు ఆ ప్లాట్‌ఫారం మీద ఎందరు?

రన్నిమేడ్ దాటాక గాలి మారుతుంది. మెట్టుపాళయంలో విప్పిన స్వెట్టర్లు సంచుల్లోంచి బయటికొస్తాయి. అడవి పలచబడి తేయాకు తోటలు మొదలవుతాయి, దువ్విన తలల్లా కొండ తరవాత కొండ. కొన్ని మలుపుల్లో కొండచరియ కొత్తగా కోసినట్టు ఎర్రగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ కొండలు విరిగి పట్టాల మీద పడటం మామూలే. అలాంటప్పుడు బండి రోజుల తరబడి ఆగిపోతుంది. మట్టి ఎత్తి, పట్టా సరిచేసి మళ్లీ దారి తెరుస్తారు. నూటపాతికేళ్లుగా ఇదే వరస.

కూనూరులో ఆవిరి కథ ఆగుతుంది. పళ్లపట్టా ఇక్కడితో సరి, ఎక్స్ క్లాస్ ఇంజను విడిపోయి షెడ్డుకు చేరుతుంది, ఊటీ దాకా తీసుకెళ్లడానికి డీజిల్ ఇంజను వస్తుంది. అవే పెట్టెలు, అవే సీట్లు, అవే మనుషులు. ఇంజను ఒక్కటే వేరు. పరిశోధకులు కావాలని ఏర్పాటు చేసినా ఇంత చక్కటి పోలిక కుదరదు. తేడా పదినిమిషాల్లో కనపడుతుంది. డీజిల్ తగిలించడాన్ని చూడటానికి ఒకరిద్దరు తప్ప ఎవరూ రారు. జనమంతా స్టేషన్ బయట వర్కీల వేటలో ఉంటారు. వర్కీ అంటే పొరలు పొరలుగా గట్టిగా కాల్చిన బిస్కత్తు లాంటిది. ఉత్తగా కొరికితే రాలిపోతుంది. టీలో ముంచి తింటేనే దాని అసలు రుచి. మన ఉస్మానియా బిస్కత్తులోని తీపి-ఉప్పు ఆట దీనికి లేదు. ఆకలి తీర్చే గుణం మాత్రం ఎక్కువ.

బండి కదిలాక పెట్టెలో కబుర్లు పలచబడతాయి. వెల్లింగ్టన్‌లో సైనికుల బారకాసులు, అరువంకాడులో తుపాకిమందు కర్మాగారం ప్రహరీ. కొందరు అప్పటికే కునుకు తీస్తుంటారు. సౌకర్యానికి లోటు లేదు, వేగమూ పెరిగింది, పొగా లేదు. అయినా ఈలలు ఆగిపోతాయి.

కేత్తి దగ్గర మాత్రం నడివయసు తెలుగువాళ్లు ఒక్కసారి లేచి కిటికీలకు అతుక్కుంటారు. లోయ అందం అలాంటిది. మెట్లు మెట్లుగా క్యారెట్, క్యాబేజీ మళ్లు, మధ్యలో బడగలనే స్థానికుల ఊళ్ల పెంకుటిళ్లు. కారణం అదొక్కటే కాదు. బాలు మహేంద్ర తీసిన తమిళ సినిమా తెలుగులో ‘వసంత కోకిల’గా వచ్చింది కదా, దాని ఆఖరి ఘట్టం తీసింది ఈ స్టేషన్లోనే. కమల్‌హాసన్ చిందులు వేసిన ప్లాట్‌ఫారం ఏదీ అని ఒకావిడ అడిగితే, “ఇదేనండీ, ఇదే” అని నలుగురు ఒకేసారి చూపించారు. నలుగురూ నాలుగు వైపులకు.

లవ్‌డేల్ నుంచి యూకలిప్టస్ వాసన తోడొస్తుంది. ఆ చెట్లు ఈ కొండలకు పరదేశీలు. వాటికంటే ముందున్న షోలా అడవులు, గడ్డిమైదానాలు చాలావరకు వాటికిందే పోయాయి. ఊటీ స్టేషన్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. దిగగానే టాక్సీలవాళ్లు చుట్టుముడతారు, చాక్లెట్ల బోర్డులు కనపడతాయి, మన సినిమా పాటల్లో చూసిన సరస్సు దగ్గర జనం కిటకిటలాడుతుంటారు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం. ఊటీ నుంచి డీజిల్ వెంట దిగి కూనూరు చేరేసరికి ఎక్స్ క్లాస్ ఇంజను షెడ్డు దగ్గర తయారుగా ఉంది. ఇక్కడ ఒక విషయం చాలామందిని తికమకపెడుతుంది. ఇంజను మీద తయారీ పలక చదివితే అది వింటర్‌థూర్ అని కాకుండా తిరుచ్చి దగ్గరి పొన్మలై వర్క్‌షాపు అని ఉండొచ్చు. స్విస్ ఇంజన్లు ముసలివైపోతుంటే విడిభాగాలు దొరక్క, పొన్మలై పనివాళ్లు 2011 నుంచి కొత్త ఆవిరి ఇంజన్లే తయారుచేయడం మొదలుపెట్టారు. మొదటి నాలుగూ నూనెతో మండేవి. పదేళ్ల తరవాత బొగ్గుతో నడిచేదాన్నీ కట్టారు. దేశం కరెంటు ఇంజన్లకు మారిపోయి, ఆవిరి ఇంజను తయారీ ఆగి నాలుగు దశాబ్దాలు కావస్తుండగా, ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో కొత్త బాయిలర్లకు రివెట్లు, వెల్డింగులు పడ్డాయి. మ్యూజియంలో రంగేసి నిలబెట్టే ఇంజన్లు దేశంలో చాలా ఉన్నాయి. రేవారీ షెడ్డులో కొన్ని అప్పుడప్పుడు నడుస్తాయి కూడా. నీలగిరి దారిది వేరే అవసరం. పన్నెండుకు ఒకటి వాలు మీద రోజూ జనాన్ని ఎక్కించి దించాలి. అందుకు కొత్త ఇంజన్లు కావాలి, వాటిని నడపడం తెలిసినవాళ్లూ కావాలి. పాత డ్రైవర్ల పక్కన నిలబడి పిన్నవాళ్లు ఆ విద్య నేర్చుకుంటున్నారు. ఏ కవాటం ఎంత తెరవాలో చెప్పే కంప్యూటరు తెర ఆ గదిలో ఉండదు.

ఇంజను తగిలించారని తెలియగానే, అప్పటిదాకా జోగుతున్న పెట్టెలు ఖాళీ అయ్యాయి. జనం మళ్లీ ఇంజను చుట్టూ మూగారు. తెనాలి పెద్దాయన డ్రైవరుతో వచ్చీరాని తమిళంలో ఏదో మాట్లాడి, మనవడిని ఇంజను గది మెట్టు దాకా ఎత్తి చూపించాడు. ఆ వంకతో తనూ ఓ చెయ్యి కడ్డీ మీద వేశాడు. కిందికి దిగేసరికి అరచేయి నల్లగా నూనె. అలవాటుగా చొక్కాకు తుడుచుకున్నాడు. తెల్ల చొక్కా.

“అయిపోయింది,” అన్నది పక్కనున్న ఇల్లాలు. “డెబ్భై ఏళ్లొచ్చినా బుద్ధి రాలేదు. ఇప్పుడది ఏ సబ్బుకి పోతుంది?”

ఫైర్‌మన్ నవ్వుతూ గుప్పెడు నూలుపీచు అందించాడు. తుడిచేకొద్దీ మరక పెద్దదైంది. ఈలోగా గార్డు ఈల వేయడంతో ముగ్గురూ పెట్టె వైపు పరుగెత్తారు. కల్లార్ దాకా ఆవిడ తిట్లు ఆగలేదు. కుర్రాడు మాత్రం, తనకూ ఆ నూనె కొంచెం అంటిందా అని వేళ్లు వెలుగులో పెట్టి చూసుకుంటున్నాడు.